మావయ్య నడుం మీద నా ఎడమ మడమ

నేను ఈ లోకంలోకి కాళ్లు ముందు పెట్టి వచ్చాను. మిగతావాళ్లు తల ముందు పెట్టి వస్తారు, ఆనక ఆ తలతో ఏం చెయ్యాలో తెలియక జీవితమంతా అవస్థ పడతారు. నాకా ఇబ్బంది లేదు. పుట్టిన గంటకే నా ఉద్యోగం ఖాయమైపోయింది. మా గోదావరి జిల్లాలో ఎదురుకాళ్లతో పుట్టినవాడు నడుం పట్టేసినవాళ్లని తన్నాలి. తంతే పట్టు వదులుతుంది. ఇదొక నమ్మకం అన్న సంగతి కూడా మావాళ్లకి తెలియదు. గోదారి వెళ్లి సముద్రంలో కలుస్తుందన్నంత మామూలుగా చెబుతారు.

తన్నడానికి ఒక పద్ధతి ఉంది. ఆదివారం గాని మంగళవారం గాని, పొద్దున్నే, నేను మొహం కడుక్కోక ముందు జరగాలి. నడుం పట్టినవాడు మా వీధి గుమ్మంలో నిలబడి, రెండు చేతులతో పైకమ్మి పట్టుకుని, వీపు నా వైపు పెట్టాలి. నేను ఎడమ మడమతో నడుం మీద మూడుసార్లు తన్నాలి. తన్నించుకున్నవాడు వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి పోవాలి. పెద్దవాళ్ల విషయంలోనే కాస్త చిక్కు. పెద్దవాళ్లకి కాలు తగలడం పాపం కాబట్టి, తన్నిన వెంటనే ముందుకి పరిగెత్తి వాళ్ల కాళ్లకి దండం పెట్టాలి. ముందు తన్ని తర్వాత దండం పెట్టే ఉద్యోగం మా చుట్టుపక్కల నాకొక్కడికే ఉండేది. మా ఊరి కరణం గారు ఒకసారి పైకమ్మి పట్టుకుని, "మొహమాటపడకురా, బాగా తన్ను" అన్నారు. ఆయన్ని అలా తన్నాలని ఊళ్లో సగం మందికి కోరిక. తన్నే యోగం మాత్రం నాకే పట్టింది.

ఆరో ఏట మొదలుపెట్టాను. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి ఈ వైద్యంలో రహస్యం నాకు తెలిసిపోయింది. నడుం కలుక్కుమన్నవాడు మొదటి రోజు ఆముదం రాసుకుంటాడు. రెండో రోజు పెళ్లాన్ని తిడతాడు. మూడో రోజుకి, నాలుగో రోజుకి గాని ఆదివారమో మంగళవారమో రాదు. ఆ పాటికి నొప్పే విసుగెత్తి మూటాముల్లే సర్దుకుంటూ ఉంటుంది. నేను దాన్ని వీధి చివరి దాకా సాగనంపేవాణ్ణి. పేరు నాకొచ్చేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగితే చెప్పేవాణ్ణే, ఎవరూ అడగలేదు.

మా అమ్మా నాన్నా నా చిన్నతనంలోనే పోయారు. నన్ను పెంచింది మేనమామ. మావయ్య పడవ సరంగు. మా ఊరు ఆత్రేయపురానికి కూతవేటు దూరంలో, కాలవ గట్టు మీద ఉంది. మా కామందు గారికి ఒక పెద్ద ధాన్యం పడవ ఉండేది. అది కాలవల్లో కాకినాడ దాకా వెళ్లి ఉప్పుతోనో, బట్టలతోనో తిరిగొచ్చేది. పడవ కామందుదే అయినా చుక్కాని మావయ్యది. ఇరవయ్యేళ్లుగా ఆ చుక్కాని ఇంకొకరు పట్టలేదు. నన్ను రాజమండ్రి పంపి మెట్రిక్యులేషను దాకా చదివించింది ఆ చుక్కానే. పరీక్ష తప్పి తిరిగొచ్చి ఇంట్లో కూచుంటే, "పోన్లే, తన్నులైనా తంతాడు" అని సరిపెట్టుకుంది కూడా ఆ చుక్కాని పట్టిన మనిషే. గోదారి మీద రైలు వంతెనకి స్తంభాలు లేస్తున్న రోజులవి. రైలొస్తే పడవలెవరు ఎక్కుతారని సరంగులందరూ బెంగపడుతుంటే మావయ్య, "రైలుని మనూరి మలుపు తిరగమను చూద్దాం" అనేవాడు.

వేసవిలో కాలవలు కట్టేస్తారు. చైత్రం చివర్లో నీళ్లు ఆపి, గట్లు బాగుచేసి, ఒండ్రు తీసి, మళ్లీ జ్యేష్ఠంలో వదులుతారు. నీళ్లు వదిలిన రోజున కాలవకి అడ్డంగా ఉన్న లాకు తలుపులు తెరుస్తుంటే పడవలన్నీ వరసగా దాటాలి. ఆ రోజు చుక్కాని ఎవరు పట్టి లాకు దాటిస్తే ఏడాది పొడుగునా ఆ పడవకి వాళ్లే సరంగు. మా కాలవ మీద ఇదొక ఆచారం. కామందులు కూడా దాన్ని కాదనరు.

ఆ ఏడాది ఆఖరి ప్రయాణంలో, మా ఊరికి ఇంకా కోసెడు దూరం ఉందనగా, నీళ్లు తగ్గిపోయి పడవ ఒండ్రులో కూచుంది. మనుషులంతా దిగి తోశారు. మావయ్య కూడా దిగి, పడవ కింద భుజం పెట్టి, పక్కకి తిరిగి ఒక్క ఊపు ఊపాడు. పడవ కదిలింది. మావయ్య కదల్లేదు. నడుంలో ఏదో పుటుక్కుమన్నట్టయిందట. ఇద్దరు పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు.

మా అత్తయ్యకి చిన్న సంగతిని పెద్దది చెయ్యడంలో మంచి నేర్పు. పెరట్లో కోడి కుంటినా వంశానికి ఏదో రాబోతోందంటుంది. ఇప్పుడు సాక్షాత్తూ మొగుడే కుంటుతూ వచ్చాడు.

"ఎవరి కళ్లు పడ్డాయో. పోయినేడు ఆ ఎగువ ఊరి సరంగు పడవ చూసి ఎంత బావుందో అన్నాడు. అప్పుడే అనుకున్నాను."

"పడవని చూసి అన్నాడు కదత్తయ్యా. దిష్టి తగిలితే పడవ నడుం పట్టేయాలి" అన్నాను.

"నీకు అన్నీ వేళాకోళమే. ఆయన వంక చూడు, ఎలా ఒరిగిపోయారో."

నిజమే, మావయ్య ఒక పక్కకి ఒరిగి నిలబడుతున్నాడు. గాలివానకి వంగిపోయిన అరటిచెట్టులా నడుం దగ్గర కుడివైపు వాలి ఉన్నాడు. నిటారుగా నిలబడమంటే నిలబడలేడు. నులక మంచంలో పడుకుంటే కాసేపు బాగుంటుంది, లేవబోతే ప్రాణం పోతుంది. మూడు రోజులు అలా గడిచాయి. ఆదివారం పొద్దున మావయ్య స్వయంగా గుమ్మంలోకి వచ్చి పైకమ్మి పట్టుకున్నాడు.

సరంగుని మేనల్లుడు తంతాడని తెలిసి వీధిలో జనం పోగయ్యారు. ఇరవైమందికి తక్కువ ఉండరు. ఒకాయన వేపపుల్ల నమలడం ఆపి మరీ చూస్తున్నాడు.

నేనొక సంగతి గమనించాను. పైకమ్మి అందుకోక ముందు మావయ్య చెయ్యి నడుం మీద లేదు. వంగి ఎడమ పిక్క రుద్దుకుంటున్నాడు. గుమ్మం దాకా వస్తూ ఒకసారి దగ్గాడు. దగ్గగానే పిక్కే గట్టిగా పట్టుకున్నాడు. పదహారేళ్లుగా ఎన్ని నడుములు తన్నానో, ఎవరూ పిక్క పట్టుకోలేదు. ఇదేదో వేరేలా ఉందే అని మనసులో అనిపించింది కూడా. అనిపించి ఏం లాభం, ఎదురుగా ఇరవైమంది ఉన్నారు.

"మావయ్యా, పలకలు విరగ్గొట్టినందుకు కొట్టావు, మామిడికాయలకి కొట్టావు, పరీక్ష తప్పినందుకు కొట్టావు. ఇవాళ మూడు తన్నుల్లో అన్నీ తీర్చేసుకుంటాను" అన్నాను.

జనం నవ్వారు. మావయ్య కూడా నవ్వాడు. నవ్వితే కూడా పిక్క జివ్వుమన్నట్టుంది, మొహం చిట్లించాడు. నేను తన్నాను. జనం నవ్వారన్న ఉత్సాహంలో మూడోది ఎప్పటికంటే గట్టిగానే తన్నాను.

మావయ్య పైకమ్మి వదిలేసి మోకాళ్ల మీద కూలబడ్డాడు. నేను అలవాటు కొద్దీ ముందుకి పరిగెత్తి కాళ్లకి దండం పెట్టాను. అప్పుడు చూశాను, ఎడమ పాదం నేల మీద పడి ఉంది, దాన్ని ఎత్తబోతే ఎత్తబడటం లేదు. బొటనవేలు కదపమంటే కుడికాలి బొటనవేలు కదిలింది.

"ఏరా," అన్నాడు మావయ్య మెల్లిగా, "ఈ కాలు నాదేనా?"

నేను ఆ పాదాన్నే రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను.

సాయంత్రానికి కామందు గారు వచ్చి చూసి వెళ్లారు. మంచివారే. గుమ్మంలో నిలబడి, "సరంగూ, నీళ్లు వదలడానికి ఇంకా రెండు నెలలుంది. ఆ పూటకి నువ్వు చుక్కాని దగ్గర నిలబడితే పడవ నీదే. నిలబడలేకపోతే ఎగువ ఊరి వాడికి చెప్పకుండా ఉండలేను, ధాన్యం ఆగదు కదా" అన్నారు. అందులో తప్పేముంది, ఆచారం అదే.

మర్నాడు చేపల మామ్మ వచ్చింది. ఏటిగట్టు దగ్గర పల్లెకార్ల ముసలావిడ, గంప నెత్తిన పెట్టుకుని రోజు విడిచి రోజు మా వీధికి వచ్చేది. ఎంత వయసో ఆవిడకే తెలియదు, ఆనకట్ట కట్టేటప్పుడు తట్ట మోశానంటుంది. పెరట్లో గంప దించి, అత్తయ్య ఏడుపు విని, చేప సంగతి వదిలేసి మావయ్య మంచం దగ్గరికి వచ్చింది.

"సరంగు గారూ, ఓసారి దగ్గండి."

మావయ్య దగ్గాడు, పిక్క పట్టుకున్నాడు.

"నడుం నొప్పన్నారు, పిక్క పట్టుకుంటారేంటండి?"

"నడుంలో మొదలై పిర్రలోంచి తొడ వెనకాలగా పిక్కలోకి లాగుతోంది. పాదం పైన తిమ్మిరి."

"ఏ వేలు?"

"బొటనవేలు."

"ఒంటికి వెళ్తున్నారా? ఆగిపోలేదు కదా? కూచునే చోట చెయ్యి వేస్తే తెలుస్తోందా?"

మావయ్య సిగ్గుపడి, అన్నీ తెలుస్తున్నాయన్నాడు.

"అయితే పర్లేదు. అవి పోతే మాత్రం నా వల్ల కాదండి, ఆ పూటే బండి కట్టించుకుని రాజమండ్రి దొరల ఆసుపత్రికి పోవాలి." అని ఆవిడ మావయ్యని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కుడికాలు ఎత్తింది. కొబ్బరిచెట్టు ఎక్కేవాడి కాలంత ఎత్తు లేచింది. ఎడమకాలు ఎత్తింది. జానెడు లేవగానే మావయ్య పళ్లు కొరికాడు.

ఆవిడ కాలు మెల్లిగా దించి, నా వైపు తిరగకుండానే అడిగింది. "ఎవరు తన్నారు?"

అత్తయ్య నన్ను చూసింది. మావయ్య గోడని చూశాడు. నేనే తన్నానన్నాను.

"కాళ్లు ముందొచ్చాయి సరే," అంది మామ్మ, "తల ఇంకా దారిలో ఉన్నట్టుంది బాబూ."

ఊళ్లో అందరి మీదా నేను వేసే మాటలకి సరిపడా ఒక్క మాట వేసింది. నేను బాగా మెచ్చుకున్నాను, లోపల్లోపల.

తర్వాత నన్ను పెరట్లోకి రమ్మని, గంపలోంచి శీలావతి చేపని తీసి, వెన్నెముక్క పొడుగునా చీల్చింది. పూసలు వరసగా ఉన్నాయి. ఒక్కో పూసకీ పూసకీ మధ్య నీళ్లగంజి లాంటి జిగురు ముద్ద. ఆవిడ రెండు పూసలు వేళ్లతో పట్టి ఒక పక్కకి నొక్కింది. మధ్యలో ఉన్న గుజ్జు రెండో పక్కనుంచి ఉబ్బి బయటికొచ్చింది.

"మనిషికీ ఇంతేనండి. బరువెత్తి పక్కకి తిరిగారు, పైపొర చిరిగింది, గుజ్జు బయటికొచ్చి కాలి నరం మీద కూచుంది. అందుకే నొప్పి కాల్లో ఉంది, జబ్బు నడుంలో ఉంది. ఇప్పుడిదిగో, తన్నండి." చేప వెన్ను నా ముందు పెట్టింది.

"ఎందుకు మామ్మా?"

"తంతే లోపలికి పోద్దేమో చూడండి."

నేను తన్నలేదు. వేలితో నొక్కి చూశాను. ఇంకాస్త బయటికొచ్చింది.

మనిషి వెన్నుని ఎవరూ చీల్చి చూడలేదు కదా, నీకెలా తెలుసని అడిగాను. వాళ్లాయన వలలు లాగి లాగి ఇలాగే పడ్డాడట. వాళ్ల పల్లెలో కూడా అప్పట్లో ఒక ఎదురుకాళ్లవాడు ఉండేవాడట. వాడు తన్నాక నాలుగు నెలలు లేవలేదట. ఆ నాలుగు నెలలూ చేపలు కోస్తూ ఆలోచించానంది. మరి బయటికొచ్చిన గుజ్జు లోపలికి పోకపోతే ఏమవుతుందంటే, "ఎండబెట్టిన చేప చూడలేదా, అలాగే ముడుచుకుంటదండి. నెమ్మదిగా. మనం దాని జోలికి పోకుండా ఉండటమే మందు" అంది.

ఆవిడ చెప్పినవి చెప్పినట్టు చేశాం. మొదట నులక మంచం తీసేశాం, గుంట పడిన మంచం నడుముకి శత్రువట. గట్టి బల్ల కావాలి. కాలవ ఎలాగూ ఎండిపోయింది కాబట్టి నేను పడవ దగ్గరికి వెళ్లి, గట్టు మీంచి పడవలోకి ఎక్కడానికి వేసే బల్లని మోసుకొచ్చి నేల మీద పరిచాను. అత్తయ్య మళ్లీ మొదలుపెట్టింది.

"బతికున్న మనిషిని నేల మీద బల్ల మీద పడుకోబెడతావా? చూసేవాళ్లేమనుకుంటారు?"

"బతికే ఉన్నాడనుకుంటారు అత్తయ్యా. దక్షిణం వైపు తల పెట్టలేదు కదా. పైగా రోజుకి మూడు పూటలా నన్ను తిడుతున్నాడు."

"తిడుతూనే ఉన్నాను, గట్టిగా చెప్పు" అన్నాడు బల్ల మీంచి మావయ్య.

మోకాళ్ల కింద గడ్డిమోపు పెట్టాం, అలా పెడితే కాలు లాగడం తగ్గింది. వావిలాకు వేసి కాచిన నీళ్లతో రోజూ రెండు పూటలా కాపడం. పారిజాతం ఆకుల కషాయం పొద్దున్నే. తాగి మావయ్య పెట్టే మొహం చూడటానికి పక్కింటివాళ్లు కూడా వచ్చేవాళ్లు. పగలంతా పడుకునే ఉండకూడదట, గంటకోసారి లేచి వాకిట్లో పది అడుగులు వెయ్యాలి. వంగకూడదు. బరువు ముట్టకూడదు. గొంతుక్కూచోకూడదు.

చివరిదే పెద్ద చిక్కయింది. గొంతుక్కూచోకుండా మనిషి చెంబు పట్టుకుని వెళ్లి చేసే పని ఎలా చేస్తాడు? మావయ్య రెండు రోజులు బిగబట్టాడు. మూడో రోజు నేను కామందు గారింటికి వెళ్లాను. మా ఊళ్లో ఉన్నది ఒకే ఒక్క కుర్చీ. ఎప్పుడో కలెక్టరు దొర వస్తాడని తెప్పించారు. దొర రాలేదు. ఆ కుర్చీలో దొర తప్ప ఇంకొకరు కూచోకూడదని ధాన్యపు గదిలో పెడితే, పేము పందికొక్కులు తినేసి నడిమధ్యన పెద్ద కన్నం పడింది. అదే నాకు కావలసింది. అడిగితే కామందు గారు ఆ కన్నం వంక చూసి, "ఎందుకో మాత్రం చెప్పకు" అన్నారు. పెరటి చివర దడి కట్టి, కుర్చీ వేసి, కింద గొయ్యి తీశాను. కలెక్టరు దొర గారి ఆసనం మీద మా మావయ్య రోజూ పొద్దున్నే కొలువు తీరేవాడు. ఈ ఒక్క ఏర్పాటుకి మామ్మ నన్ను మెచ్చుకుంది. "తల వచ్చేసిందండి" అంది.

వైద్యం పనిచేస్తోందో లేదో చూడటానికి నాకొక మంచి ఉపాయం దొరికింది. అత్తయ్య పొద్దున్నే వాకిట్లో కళ్లాపి చల్లుతుంది. ఆ తడి మీద మావయ్య పది అడుగులు వేసేవాడు. కుడికాలి అడుగు అడుగులాగే పడేది. ఎడమకాలు లేవక, వేళ్లు నేలని గీసుకుంటూ వచ్చేవి. మొదట్లో గుమ్మం నుంచి నూతి దాకా ఒకటే గీత, నాగలి పట్టిన చాలులాగా. నేను రోజూ వెళ్లి ఆ గీత చదివేవాణ్ణి. రాజమండ్రిలో ఏ పుస్తకమూ అంత శ్రద్ధగా చదవలేదు. పదిహేను రోజులకి నొప్పి పిక్క వదిలి తొడలోకి, తొడ వదిలి పిర్రలోకి వెనక్కి నడిచింది. నొప్పి కాల్లోంచి నడుములోకి తిరిగి వెళ్తుంటే మంచి గుర్తు, కిందికి దిగుతుంటే చెడ్డ గుర్తు అని మామ్మ ముందే చెప్పింది. గీత మాత్రం అలాగే ఉంది. నెల దాటాక ఒక పొద్దున గీత మధ్యలో తెగింది. రెండు అంగుళాల మేర నేల శుభ్రంగా ఉంది. అత్తయ్యని పిలిచి చూపించాను.

"ఏముందక్కడ?" అంది.

"ఏమీ లేదు. అదే చూడు."

అత్తయ్య అర్థం చేసుకుని, ఆ ఖాళీలో చిన్న ముగ్గు పెట్టింది. ఏడవలేదు. ఏడుస్తుందని సిద్ధం చేసుకున్న మాట నా దగ్గర మిగిలిపోయింది.

ఈ లోపల ఆదివారాలూ మంగళవారాలూ ఆగవు కదా. జనం వస్తూనే ఉన్నారు. సొంత మావయ్యని పడగొట్టినా నా మీద వాళ్ల నమ్మకం చెక్కుచెదరలేదు, తన్నులో అంత బలముందా అని ఇంకా పెరిగింది. నేను ముందు దగ్గమనేవాణ్ణి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి చూసేవాణ్ణి. నొప్పి నడుంలోనే ఉండి, కాలు సాఫీగా లేస్తే గుమ్మంలో నిలబెట్టి చీమ కూడా చావని తన్నులు మూడు తన్నేవాణ్ణి. కాలు లేవకపోతే బల్ల, కాపడం, కుర్చీ. ఒకాయన బాగా నొచ్చుకున్నాడు, ఇంత దూరం వస్తే తన్నకుండా పంపిస్తావా అని.

జ్యేష్ఠం వచ్చింది. రేపు నీళ్లు వదులుతారనగా మామ్మ మావయ్యని నడిపించి చూసింది. నొప్పి దాదాపు లేదు. పాదం సగం లేస్తోంది, బొటనవేలు మాత్రం ఇంకా నిద్రలోనే ఉంది. అది తగలకుండా మావయ్య మోకాలు పైకెత్తి, కాలు జాగ్రత్తగా దించుతూ నడుస్తున్నాడు, బురదలో కొంగ నడిచినట్టు.

"చుక్కాని పట్టండి. నిలబడి పట్టండి, గంటకోసారి పడుకోండి. గడ వేస్తే మాత్రం మళ్లీ నా దగ్గరికి రాకండి" అంది.

సరంగంటే చుక్కాని ఒక్కటే కాదు. పడవ గట్టు మీదికి పోతున్నప్పుడు, లాకు గోడకి తగులుతున్నప్పుడు, పొడుగాటి గడ నీళ్లలో దింపి, ఛాతీ ఆనించి, ఒంటి బరువంతా పెట్టి తొయ్యాలి. గడ వెయ్యలేని సరంగు మా కాలవ మీద ఎప్పుడూ లేడు.

మర్నాడు లాకుల దగ్గర గట్టంతా జనం. పడవకి పసుపు రాశారు. ఎగువ ఊరి సరంగు కూడా వచ్చి, ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దమనిషి, పలకరించాడు కూడా. కాలవలో ఎర్రటి కొత్తనీరు నురగ తోసుకుంటూ వస్తోంది. నేను నెత్తిన మోసుకొచ్చిన బల్లని గట్టుకీ పడవకీ మధ్య వేశాను. రెండు నెలలు మావయ్య వీపు కింద ఉన్న బల్లే. దాని వెడల్పు మూరెడు. వేలు ఎక్కడ తగిలినా కిందికి నీళ్లలోకే.

మావయ్య బల్ల మీద కొంగనడక మొదలుపెట్టాడు. నాకు ఒక వేళాకోళం నోటి దాకా వచ్చింది. పదహారేళ్లుగా జనం ముందు నోటికొచ్చింది ఆపలేదు, ఆ రోజు ఆపాను. మావయ్య ఎనిమిది అడుగుల్లో పడవ ఎక్కి, చుక్కాని మీద చెయ్యి వేశాడు.

కామందు గారు గట్టు మీంచి, "ఏంటి సరంగూ ఆ నడక?" అన్నారు.

బాగైపోయిందండి అని ఒక్క మాటంటే సరిపోయేది. మావయ్య అనలేదు.

"కాలు ఇంకా పూర్తిగా రాలేదండి. చుక్కాని పట్టగలను. గడ వెయ్యలేను, ఈ ఏడాది వెయ్యను కూడా."

"గడ వెయ్యకుండా పడవ ఎలా నడుస్తుంది?"

"గడ వాడు వేస్తాడండి" అని మావయ్య గడ్డంతో నన్ను చూపించాడు.

ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది. గట్టు మీద అందరూ నా వంక చూశారు. నా చేతులు అంతవరకు పట్టిన బరువైన వస్తువు ఆ బల్ల ఒక్కటే.

"వీడా?" అన్నారు కామందు గారు.

"నా నడుం మీద వీడి మడమ బలం నేను చూశానండి. చేతుల్లో అందులో సగమున్నా చాలు."

జనం నవ్వారు. ఎగువ ఊరి సరంగు కూడా నవ్వేశాడు. కామందు గారు నవ్వు దాచుకోవడానికి కండువా సర్దుకుని, "లాకు గోడకి తగిలిందంటే మాత్రం ఇద్దరినీ దింపేస్తాను" అన్నారు. నేను పడవ ఎక్కి గడ అందుకున్నాను. లాకు తలుపులు తెరుచుకున్నాయి, పడవ ముక్కు ఎడమ గోడ వైపు పోతోంది. "ఇప్పుడు," అన్నాడు మావయ్య వెనకనుంచి. గడ దింపి, ఛాతీ ఆనించి తోశాను. పక్కకి తిరక్కుండా, నిటారుగా. గోడకీ పడవకీ మధ్య బెత్తెడు మిగిలింది. ఆ బెత్తెడులోంచి ఆ ఏడాదంతా బయటికొచ్చాం.

గడ వేసేవాడికి మాటలు తగ్గుతాయి. ఊపిరి చాలదు. నా నోరు మూయించడానికి ఊళ్లో చాలామంది ఎన్నో చెయ్యబోయారు గాని, ఇంత తేలికైన ఉపాయం ఎవరికీ తట్టలేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం కాకినాడ దారిలో పడవ గట్టుకి కట్టి, నేను వంగి అన్నం గిన్నె కడుగుతున్నాను. వెనకనుంచి పిర్ర మీద ఒక తన్ను తగిలింది. గిన్నెతో సహా కాలవలో పడ్డాను. లేచి, నోట్లో నీళ్లు ఉమ్మి చూస్తే, గట్టు మీద మావయ్య ఎడమకాలు గాల్లో పెట్టి, బొటనవేలు పైకీ కిందికీ ఆడిస్తూ నిలబడి ఉన్నాడు.

"పొద్దున్న లేచిందిరా. నిజంగా లేచిందో లేదో చూశాను."

"నువ్వు తల ముందు పెట్టి పుట్టినవాడివి మావయ్యా. నీ తన్నుకి గుణం ఉండదు."

"గుణం కోసం తన్నలేదులే" అన్నాడు. గిన్నె కొట్టుకుపోతుంటే, అది పట్టుకోమని కేకేసి, బల్ల దాటి పడవలోకి వెళ్లాడు. గట్టు మీది తడిమట్టిలో అడుగులు చూశాను. కుడివీ ఎడమవీ ఒకేలా పడ్డాయి. గీత ఎక్కడా లేదు.